గోంగూర దొరికిన చోట్లు

పరదేశం వెళ్ళిన తెలుగువాడు ఇంటి తిండి కోసం ఎంత తపించాడో చెప్పే రచనలు మనకు చాలానే వున్నాయి. వాటన్నిటికీ ఒక సామాన్య లక్షణం వున్నది. వాటిలో మనిషి ఒక్కడే వుంటాడు. అతనికి ఆకలి వేస్తుంది, అమ్మ గుర్తుకు వస్తుంది, ఏదో ఒక దుకాణంలో గోంగూర పచ్చడి సీసా కనిపిస్తుంది, కళ్ళు చెమరుస్తాయి. ఆ సీసా అక్కడికి ఎట్లా వచ్చిందని అతను అడగడు. ఆ దుకాణం ఆ వీధిలోనే ఎందుకు వెలిసిందనీ అడగడు. తిండిని జ్ఞాపకం చేసి, జ్ఞాపకాన్ని సంస్కృతి చేసి, ఆ సంస్కృతికి తానే వారసుణ్ణని చెప్పుకుని ముగిస్తాడు.

2019 నుంచి 2023 దాకా నేను ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో వున్నాను. చదువుకోసం వెళ్ళి, తరవాత కొంతకాలం పాఠాలు చెప్పాను. గోంగూర కోసం నేనూ వెతికాను. అయితే దాన్ని వెతకటంలో నాకు తటస్థపడిన మనుషులు చాలామంది. వాళ్ళను వదిలేసి గోంగూర గురించి మాత్రమే రాయటం నాకు చేతకావటం లేదు.

ముందు ఇంటి సంగతి చెప్పాలి, ఎందుకంటే "ఇంటి తిండి" అన్నప్పుడు ఎవరి ఇల్లు అన్న ప్రశ్న వున్నది. మాది మంగళగిరి. రత్నాలచెరువులో గుంటమగ్గం మీద బతికిన సంసారం. షావుకారు నూలు ఇచ్చేవాడు, నేసి ఇస్తే మజూరీ ఇచ్చేవాడు. ఆ మజూరీ కూడా ఏడాది పొడుగునా వచ్చేది కాదు. వానలు పట్టుకుంటే మగ్గం గుంటలోకి నీరు వూరుతుంది, పడుగు చెమ్మగిల్లుతుంది, పని ఆగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే గోంగూర విరగకాస్తుంది. మా అమ్మ దాన్ని గోగాకు అనేది. పొలంగట్టున కోసుకొస్తే కానీ ఖర్చు లేదు. ఇంత ఉప్పు, నాలుగు పచ్చిమిరపకాయలు, వుంటే ఒక ఉల్లిపాయ. మజూరీ రాని నెలల్లో ఇంటిల్లిపాదినీ ఆ ఆకే సాకింది. "ఆంధ్రమాత" అని దానికి పేరు పెట్టినవాళ్ళు ఏ ఇంట్లో కూర్చుని పెట్టారో నాకు తెలియదు కాని, మా ఇంట్లో గోగాకు వండిన రోజు అమ్మ ముఖంలో పండగ వుండేది కాదు.

గంజి సంగతి కూడా అంతే. పడుగును వీధిలో బారుగా చాచి గంజి పట్టించకపోతే దారం మగ్గం దెబ్బకు నిలవదు. అందుకు బియ్యం కావాలి. బియ్యం తక్కువైనప్పుడు గంజి ముందు నూలుకు, తరవాత మనుషులకు. నూలు ఆకలికి ఆగదు, మనిషి ఆగుతాడు! ఆ గంజినే ఈనాడు పట్టణాల్లో "పూర్వీకుల ఆహారం" పేరిట మట్టిపిడతల్లో పోసి అమ్ముతున్నారు.

మా ఊరికి ప్రసిద్ధి తెచ్చిన తినుబండారం వేరే వున్నది: పానకం. కొండమీది నరసింహస్వామి నోట్లో బెల్లపు పానకం పోస్తే సగం తాగి సగం భక్తుడికి తిరిగి ఇస్తాడని నమ్మకం. దాని నిజానిజాల జోలికి నేను పోను. వచ్చినదాంట్లో సగం తిరిగి ఇచ్చే యజమాని దేవుడైతేనేం, మా వీధిలో ఎవరికీ ఇంకొకడు తెలియదు.

లెస్టర్‌లో ఒక పాత ఇంట్లో ఆరుగురం వుండేవాళ్ళం. గుంటూరు, తెనాలి, నూజివీడు, ఖమ్మం వాళ్ళు. విద్యార్థి వీసా మీద వెళ్ళినవాడు చదువు జరిగే రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి పనిచేయగూడదు. ఆ ఇరవై గంటలూ గిడ్డంగుల్లో రాత్రిపూట పెట్టెలు మోసి తెల్లవారి ఇంటికి వచ్చేవాళ్ళు. వచ్చి పప్పు వండేవాళ్ళు. కందిపప్పు, చింతపండు, ఇంగువ, ఎండుమిరపకాయలు, కరివేపాకు అన్నీ నడిచి వెళ్ళేంత దూరంలో దొరికేవి. "ఇక్కడ అన్నీ దొరుకుతాయి" అని ఇంటికి ఫోనులో చెప్పేవాళ్ళు. ఎందుకు దొరుకుతాయో చూద్దాం.

ఆ దుకాణాలు బెల్‌గ్రేవ్ రోడ్డు మీద వున్నాయి. వాటిలో చాలావాటి యజమానులు గుజరాతీలు, అయితే గుజరాతునుంచి నేరుగా వచ్చినవాళ్ళు తక్కువ. 1972 ఆగస్టులో ఉగాండా పాలకుడు ఇదీ అమీన్ ఆసియావాసులకు తొంభై రోజులు గడువిచ్చి దేశం విడిచి పొమ్మన్నాడు. బ్రిటిష్ సామ్రాజ్యం తూర్పు ఆఫ్రికాలో వాళ్ళను తెల్లవాడికీ నల్లవాడికీ మధ్య వర్తకులుగా, గుమాస్తాలుగా నిలబెట్టింది. ఆ సామ్రాజ్యం పోయాక మధ్యలో నిలబడ్డవాళ్ళ మీద దెబ్బ పడింది. వాళ్ళలో ఇరవయ్యేడు వేల మందికి పైగా బ్రిటన్ చేరారు. అప్పుడు లెస్టర్ నగరపాలక సంస్థ ఏం చేసిందనుకున్నారు? 1972 సెప్టెంబరులో "ఉగాండా ఆర్గస్" పత్రికలో ప్రకటన వేయించింది: మా ఊళ్ళో ఇళ్ళు చాలవు, బళ్ళు చాలవు, దయచేసి రావద్దని. ఆ ప్రకటన చూసి లెస్టర్ అనే ఊరొకటి వున్నదని తెలుసుకుని వచ్చామని చెప్పిన ముసలివాళ్ళు నాకు తెలుసు. వచ్చినవాళ్ళలో చాలామంది మొదట సాక్సులూ బనియన్లూ అల్లే కార్ఖానాల్లో కూలికి చేరారు. తరవాత చిన్న కొట్లు పెట్టుకున్నారు. రావద్దన్న ఊళ్ళో వాళ్ళు తిష్ఠవేసుకోబట్టి యాభై ఏళ్ళ తరవాత తెనాలి కుర్రవాడికి కందిపప్పు దొరికింది.

బట్టల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 2020 జూన్ నెలాఖరున దేశంలో మొట్టమొదటి స్థానిక లాక్‌డౌన్ లెస్టర్‌కే విధించారు. అప్పుడు పత్రికలన్నీ ఆ ఊరి కుట్టు కార్ఖానాలను గురించి రాశాయి. చట్టం చెప్పిన కనీస వేతనంలో సగం కూడా ముట్టని కార్మికులున్నారని, వ్యాధి సోకినా పనికి రమ్మన్నారని. మగ్గం ఇంట్లో పుట్టినవాడికి ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. షావుకారు అక్కడా వున్నాడు, ఇక్కడివాడిలాగా మనకు కళ్ళెదుట కనిపించడు, అంతే.

గోంగూర మటుకు గుజరాతీ కొట్లలో ఎప్పుడూ వుండేది కాదు. వాళ్ళ వంటలో దానికి అంత చోటు లేదు. నేను దాన్ని మొదట చూసింది ఒక డిసెంబరు నెలలో, నగరం నడిబొడ్డున వున్న అంగడిలో, జమైకా నుంచి వచ్చిన ఒక పెద్దామె బల్ల మీద. ఆకు కాదు. కాయను చుట్టివుండే ఎర్రని తొడుగులు, ఎండబెట్టినవి, గుట్టగా పోసి వున్నాయి. మన ఇళ్ళలో వాటితోనూ పచ్చడి చేస్తారు. ఒకటి నోట్లో వేసుకున్నాను. ఆ పులుపు ఇంకొకదానికి వుండదు. ఇదేమిటని అడిగితే "సారెల్" అన్నది. క్రిస్మసుకు వీటిని నానబెట్టి, అల్లం దంచి వేసి, పంచదార కలిపి తాగుతామని చెప్పింది. మాకూ ఇట్లాంటిది ఒకటి వున్నది, బెల్లమూ మిరియాలూ వేస్తామని నేను పానకం సంగతి చెప్పాను. "అయితే మీ దేవుడు మంచి రుచి తెలిసినవాడే" అన్నది.

గోగు అని మనం రెండు మొక్కలను కలిపి పిలుస్తున్నాం. రెండూ మందార జాతివే, రెండింటి కాండంనుంచీ నార వస్తుంది. ఉత్తర కోస్తాలో ఆ నారకోసమే పండించారు. ఎర్రకాయల మొక్కకు పుట్టినిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అక్కడినుంచి అది రెండు దిక్కులకూ పోయింది. తూర్పున మన దాకా, మనల్ని దాటి బర్మా దాకా వచ్చింది. పడమట బానిసలను అమ్మిన సముద్రం దాటి కరిబియన్ దీవులు చేరింది. ఆ దీవులనుంచి, 1948లో "విండ్‌రష్" ఓడ వచ్చిననాటి నుంచీ, బ్రిటన్‌లో బస్సులు నడపటానికీ ఆస్పత్రుల్లో ఊడిగం చేయటానికీ వచ్చిన మనుషుల వెంట లెస్టర్ అంగడికి చేరింది. మనం మన జాతికి ఆనవాలుగా చెప్పుకునే ఆకు, పొలాల్లో కొరడాదెబ్బలు తిన్నవాళ్ళ పండగ పానీయం కూడానని తెలిసినప్పుడు నాకు మన ఆకు పోయిందనే బాధ కలగలేదు. దాని గౌరవం పెరిగినట్టే తోచింది.

బర్మా సంగతి ఇంకా దగ్గరిది. కోరంగి రేవునుంచి పోయిన కూలీలు గనుక అక్కడ మనవాళ్ళకు "కోరంగీలు" అని పేరు. రంగూను రేవులో బస్తాలు మోసిందీ, బియ్యపు మిల్లుల్లో పనిచేసిందీ, వీధులు ఊడ్చిందీ చాలావరకు వాళ్ళే. వాళ్ళకు అక్కడ ఇంటి కూర వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది. బర్మావాళ్ళు మనకు మించి గోంగూర తింటారు. దాన్ని "చిన్‌బౌంగ్" అంటారు; వెదురుమొలకలూ రొయ్యలూ మిరపకాయలూ వేసి వేయిస్తారు. మనం గోంగూర రొయ్యలు అంటున్నది అదే, వెదురుమొలకలు తప్ప.

ఒకే ఆకు తిన్న ఆ రెండు జాతుల కూలీలనూ 1930 మే నెలలో ఒకరిమీదికి ఒకరిని తోశారు. రేవు కూలీలు, అందులో ఎక్కువమంది తెలుగువాళ్ళు, కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కాంట్రాక్టు కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నాయి. కొద్ది రోజులకు తెలుగువాళ్ళతో రాజీ కుదుర్చుకుని, 26వ తేదీన పనికి వచ్చిన బర్మావాళ్ళను పొమ్మన్నాయి. రేవు దగ్గర మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. అధికారుల లెక్క ప్రకారమే వందకు పైబడి చనిపోయారు, అందులో తెలుగు కూలీలే ఎక్కువ. 1942లో జపాను దాడి చేసినప్పుడు వేలకు వేలు కాలినడకన అస్సాం దారి పట్టారు. 1962 సైనిక ప్రభుత్వం తరవాత మరికొందరు తిరిగివచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలో ఇప్పటికీ బర్మాక్యాంపు అని పిలుస్తున్న పేట వాళ్ళదే.

ఈ చరిత్ర నాకు పుస్తకాల్లో తెలిసినదే. అది గుర్తుకు వచ్చింది మాత్రం ఎండుచేపల కోసం వెళ్ళినప్పుడు.

లెస్టర్‌లో తెలుగువాళ్ళు కలిసి చేసుకున్న ఒక ఉగాది విందుకు ఎవరి ఇంటినుంచి వాళ్ళు ఒక వంటకం తేవాలన్నారు. మా గదిలోని తెనాలి కుర్రవాడు నిజాంపట్నం వైపు మనిషి, గోంగూరలో ఎండురొయ్యలు వేసి వండుతానన్నాడు. నిర్వాహకుడొకాయన ఫోనులో చాలా మర్యాదగా "బాబూ, అందరూ వస్తారు కదా, ఆ వాసన బాగుండదు, ఇంకేమైనా తీసుకురా" అన్నాడు. ఆ "అందరూ" ఎవరో ఆయన చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. విందులో పులిహోర వున్నది, బొబ్బట్లు వున్నాయి, ముద్దపప్పు ఆవకాయ వున్నాయి. వేదిక మీద "మన తెలుగు రుచులు" అని పెద్ద అక్షరాలతో రాసి వున్నది. ఇంట్లో కులం కొద్దీ వేరుపడ్డ పొయ్యిలు పరదేశంలో ఒకటవుతాయని ఆశించటం పొరపాటు. అక్కడ ఒక్క పొయ్యికే తెలుగు పొయ్యి అని పేరు పడుతుంది, మిగతావి కంటికి కనిపించకుండా పోతాయి.

ఎండురొయ్యలు దొరికేది బంగ్లాదేశ్ ముస్లిముల కొట్లో. సిల్హెట్‌నుంచి వచ్చిన ముసలాయనది. ఎండుచేపలు లేనిదే వాళ్ళకు ముద్ద దిగదు. మావాడు అక్కడ నిలబడి ఒక్కొక్క సంచీ విప్పి వాసన చూస్తూ వుంటే ఆయన ముఖం వెలిగేది. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు కొద్దిపాటిదే. ఏ చేప ముల్లు ఎట్లా తీయాలో చేతులతోనే చెప్పుకునేవాళ్ళు.

2022 ఆగస్టు 28న ఇండియా పాకిస్తాన్ క్రికెట్ ఆట తరవాత లెస్టర్‌లో హిందూ ముస్లిం కుర్రవాళ్ళ మధ్య గొడవలు మొదలైనాయి. సెప్టెంబరు 17న ముసుగులు వేసుకున్న కుర్రవాళ్ళు నినాదాలు చేస్తూ ముస్లిములున్న వీధులగుండా నడిచారు. రెండు పక్షాలూ మోహరించాయి. ఆ వారమంతా ఫోన్లలో పుకార్లు. చాలావాటిని అక్కడికి వేల మైళ్ళ దూరంలో కూర్చున్నవాళ్ళు తయారుచేశారు. మా ఇంట్లో వుండే ఖమ్మం మిత్రుడికి "ఆ కొట్లకు పోవద్దు, మనవాళ్ళ కొట్లలోనే కొనండి" అని సందేశం వచ్చింది. మనవాళ్ళ కొట్లో ఎండురొయ్యలు లేవు! ఆ మాటకు అందరం నవ్వుకున్నాము కాని తెనాలి కుర్రవాడు నవ్వలేదు. సంచీ తీసుకుని బయలుదేరాడు, నేనూ వెంట వెళ్ళాను. కొట్టు తలుపు సగం మూసి వున్నది. ముసలాయన మమ్మల్ని చూసి ముందు బెదిరాడు. తరవాత గుర్తుపట్టి లోపలికి రమ్మని తలుపు వేశాడు. రొయ్యలు తూచి ఇచ్చి, మేము ఎటు వైపు నుంచి వెళితే మంచిదో కాగితం మీద గీసి చూపించాడు. ఆ వేళ ఆ వీధిలో ఎవరు ఎవరికి కాపలా అన్నది చెప్పటం కష్టం.

ఇంటి కూర అడవుల్లోనూ రేవుల్లోనూ దొరికినవాళ్ళు అదృష్టవంతులు. దొరకనివాళ్ళు చాలామంది. 1860 నవంబరు 16న మద్రాసునుంచి "ట్రూరో" అనే ఓడ డర్బన్ చేరింది. నటాలు చెరకుతోటలకు ఒప్పందం కూలీలను తెచ్చిన మొదటి ఓడ అది. అప్పటినుంచి 1911 వరకు సుమారు లక్షా యాభైవేల మందిని తెచ్చారు. మద్రాసులో ఓడ ఎక్కినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ వున్నారు. నెలకు పది షిల్లింగుల జీతం, ఏడాదికొక షిల్లింగు పెంపు, తిండికి బియ్యం పప్పు. అయితే అక్కడ బియ్యం ప్రియం, మొక్కజొన్న చవక. యజమానులు బియ్యానికి బదులు మొక్కజొన్న పిండి కొలిచి ఇచ్చారు. ఆ ఆడవాళ్ళు మొక్కజొన్నను నూకగా విరిచి, అన్నంలాగా వండి, పప్పు పోసి పిల్లలకు పెట్టారు. దానికి అక్కడ "మీలీ రైస్" అని పేరు, అంటే మొక్కజొన్న బియ్యం. ఏ సీసాలోనూ రాని ఇంటి తిండి అది. దాన్ని గురించి కళ్ళు చెమర్చిన వ్యాసం నేను చదవలేదు.

బియ్యం మీద మనవాళ్ళకున్న మమకారం ఎంతటిదో 2023లో లోకమంతా చూసింది. ఆ జులై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. అమెరికాలో మనవాళ్ళు దుకాణాల ముందు బారులు తీరారు. ఒక్కొక్కరు పది బస్తాలు కారులో ఎక్కిస్తున్న చిత్రాలు ఫోన్లలో తిరిగాయి. లెస్టర్‌లో కూడా ధర పెరిగింది. నిషేధం 2024 సెప్టెంబరు నెలాఖరు దాకా వున్నది. దేశంలో ధర పెరగకుండా ఇది చేశామన్నారు. బియ్యం కొనుక్కుని తినే కూలివాడి వైపునుంచి చూస్తే ఆ మాట తోసెయ్యదగింది కాదు. అయితే పండించిన కౌలురైతు నష్టాన్ని ఎవరు భరించాలో మాత్రం చెప్పలేదు. పది బస్తాలు ఎక్కించుకున్న పెద్దమనిషికి ఈ రెండు ప్రశ్నలూ తట్టివుండవు.

ఆ బస్తాల మీద "సోనా మసూరి" అని రాసి వుంటుంది. ఆ పేరులోని "మసూరి" అసలు "మాహ్సూరి", మలయాలో తయారైన వంగడం, ఆ దేశపు కథల్లోని ఒక స్త్రీ పేరు. దాన్ని మన రకాలతో సంకరం చేసి బాపట్ల పరిశోధనాకేంద్రం కొత్త వంగడాలు తయారుచేసింది. 1986లో విడుదలైన సాంబమసూరి వాటిలో చాలా పేరు తెచ్చుకున్నది. మనవాళ్ళు ఏ మలయాకు రబ్బరుతోటల్లో, కొబ్బరితోటల్లో కూలికి పోయారో, ఆ మలయానుంచే మన సన్నబియ్యం తల్లి వచ్చింది. అసలు 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యేదాకా మా డెల్టాలోనూ ఇన్ని మాగాణులు లేవు. మెట్టపంటలు తిన్న ఇళ్ళే ఎక్కువ.

ఇప్పుడు మంగళగిరిలో వుంటున్నాను. పచ్చళ్ళను విదేశాలకు కొరియరులో పంపే కొట్లు గుంటూరులో, బెజవాడలో, మా ఊళ్ళో కూడా వున్నాయి. ఒకచోట వెనకవైపు రేకుల షెడ్డులో ఆడవాళ్ళు గోంగూర వలుస్తారు, కారం కలుపుతారు. రోజు కూలి. కారం కలిపే ఆమెను చేతులు మండవా అని అడిగితే, "మొదటి వారం మండుతాయి సార్, తరవాత తెలియదు" అన్నది. లెస్టర్‌లో ఆ సీసా ధర ఆమె ఒక పూట కూలికంటె ఎక్కువ.

ఆ కారం వచ్చేది గుంటూరు మిరపచేలనుంచి. ఏటా ఫిబ్రవరి వచ్చేసరికి ఆదోని, ఆలూరు, కోసిగి వైపునుంచి కుటుంబాలకు కుటుంబాలు లారీలెక్కి కాయకోతకు వస్తాయి. పిల్లలు బడి మాని వెంట వస్తారు. చేల పక్కన పట్టాలు కట్టుకుని ఏప్రిల్ దాకా వుంటారు. చాలాచోట్ల కూలి కోసిన కాయ తూకాన్నిబట్టి. వాళ్ళకు ఇదే పరదేశం. మాట వేరు, నీళ్ళు వేరు, తిండి వేరు. వాళ్ళది జొన్నరొట్టె. మా డెల్టాలో అది రోజువారీ తిండి కాకుండా పోయి చాలాకాలమైంది. ఇప్పుడు చక్కెరజబ్బు వచ్చినవాళ్ళకోసం సంచుల్లో కట్టి అమ్ముతున్నారు, బియ్యంకంటె ప్రియంగా.

ఈ ఏడు మార్చిలో తాడికొండ దాటినతరవాత ఒక చేనుగట్టున ఆగాను. పొద్దు వాలుతున్నది. ఒక నడివయసు మనిషి మూడు రాళ్ళ పొయ్యి మీద పెనం పెట్టి రొట్టె కాలుస్తున్నది. పక్కన ఇంటినుంచి తెచ్చుకున్న పిండి సంచీ అడుగంటి వున్నది. నాది మంగళగిరి అని తెలిసి, "అట్లయితే ఆడ జొన్నలు తక్కువకి యాడన్నా దొరుకుతాయా సార్? ఇంకా నెల వుండాల మేము" అని అడిగింది. నాకు తెలిసిన ఒక కొట్టు పేరు చెప్పాను. అక్కడ అడిగామని, కిలో ధర విని తిరిగి వచ్చామని చెప్పి, రొట్టె తిరగేసింది.